‘కొలెస్ట్రాల్‌కి మంచిది’ అని అమ్మేవి: ఏది ఎన్ని పాయింట్లు తగ్గిస్తుంది?

అరవై దాటినవాళ్లున్న ఇంట్లో రిపోర్టులో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) అంకె నల్లగా అచ్చయి వచ్చిందంటే చాలు, మర్నాటి నుంచి సరుకుల చీటీ మారిపోతుంది. ఓట్స్ వస్తాయి, తవుడు నూనె వస్తుంది, ఇసబ్‌గోల్ డబ్బా వస్తుంది, అమెరికాలో ఉన్న అబ్బాయి ఫిష్ ఆయిల్ పంపిస్తాడు. డాక్టరు రాసిన స్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్ర మాత్రం ‘కొన్నాళ్లు చూద్దాంలే’ అన్న మాటతో సొరుగులోనే ఉండిపోతుంది. ఖర్చు ఎటు పోతోంది, ఫలితం ఎటునుంచి వస్తోంది అని ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూస్తే ఈ వరస తలకిందులుగా ఉందని తెలిసిపోతుంది.

అందుకే ఈ సమీక్షలో రుచికీ డబ్బా అందానికీ మార్కులు లేవు. కొలత ఒక్కటే. ఎల్‌డీఎల్ 160 ఉన్న 65 ఏళ్ల మనిషి ఆ వస్తువును సరైన మోతాదులో రోజూ వాడితే రెండు నెలల్లో ఆ 160లోంచి ఎన్ని పాయింట్లు పోతాయి? ఇవి సగటు లెక్కలు, మనిషిని బట్టి అటూ ఇటూ అవుతాయి. ఎక్కడికి చేరాలన్నది కూడా ముందే తెలియాలి. కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గుండెజబ్బు ముప్పు తక్కువున్నవాళ్లకు ఎల్‌డీఎల్ 100 లోపు ఉండాలి. షుగరు, బీపీ లాంటివి ఉండి ముప్పు ఎక్కువైతే 70 లోపు. గుండెపోటో పక్షవాతమో వచ్చి ముప్పు మరీ ఎక్కువున్నవాళ్లకు 55 లోపు. 160 నుంచి 70కి రావాలంటే 90 పాయింట్లు పోవాలి. కింద చెప్పే ప్రతి వస్తువునూ ఈ 90 పక్కన పెట్టి చూడండి.

ఇంటికొచ్చి రక్తం తీసే ప్యాకేజీ

‘ఎనభై పరీక్షలు, సగానికి సగం ధర’ అని ఫోన్లు చేసే ప్యాకేజీల్లో కొలెస్ట్రాల్‌కి కావలసినవి నాలుగే: టోటల్ కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్), ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఇంకో రకం కొవ్వు), ఎల్‌డీఎల్. వీఎల్‌డీఎల్, రకరకాల నిష్పత్తులు అంటూ రిపోర్టులో కనిపించే మిగతా వరసలన్నీ కూడికలు, తీసివేతలే. టోటల్ 240, హెచ్‌డీఎల్ 40, ట్రైగ్లిజరైడ్లు 200 అనుకోండి. 200ని 5తో భాగిస్తే వచ్చే 40 వీఎల్‌డీఎల్. 240లోంచి ఆ 40, హెచ్‌డీఎల్ 40 తీసేస్తే మిగిలిన 160 ఎల్‌డీఎల్. చాలా ల్యాబులు ఎల్‌డీఎల్‌ను కొలవవు, ఇలా లెక్కకట్టే ఇస్తాయి. తప్పేమీ లేదు గానీ ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క పనికిరాదు. అప్పుడు ‘డైరెక్ట్ ఎల్‌డీఎల్’ అడగాలి. నాన్ హెచ్‌డీఎల్ అన్న వరస ఉంటే దాన్ని తప్పకుండా చూడండి. టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేసిన అంకె అది, ఇక్కడైతే 200. అన్నం ఎక్కువగా తినే మన ఇళ్లల్లో ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ ఉండటం మామూలు కాబట్టి ఎల్‌డీఎల్ ఒక్కటే చూస్తే ముప్పు తక్కువగా కనిపించవచ్చు. నాన్ హెచ్‌డీఎల్‌లో అది దాగదు.

పన్నెండు గంటలు పస్తుండాలన్న పట్టింపు ఇప్పుడు లేదు. మామూలుగా టిఫిన్ చేసి ఇచ్చినా ఎల్‌డీఎల్ పెద్దగా మారదు. ట్రైగ్లిజరైడ్లు 400 దాటి వస్తేనే మళ్లీ పరగడుపున చేయించాలి. షుగరుకు మందులు వాడే పెద్దవాళ్లను పదింటిదాకా పస్తు పెట్టి కళ్లు తిరిగేలా చేయడం కన్నా ఇదే నయం. అంకె తప్పేది వేరేచోట. జ్వరంలోనో, ఆపరేషన్ అయిన కొత్తలోనో ఇస్తే ఎల్‌డీఎల్ అసలుకన్నా తక్కువ చూపిస్తుంది. చేతికి బిగించిన పట్టీని నరం దొరికేదాకా నిమిషాల తరబడి అలాగే ఉంచితే కొలెస్ట్రాల్ కాస్త ఎక్కువ చూపిస్తుంది. నరం దొరక్కపోతే పట్టీ వదులు చేసి, కాసేపాగి, రెండో చెయ్యి చూడమనండి.

ప్యాకేజీ డబ్బుతో దీనికి కలపాల్సినవి టీఎస్‌హెచ్ (థైరాయిడ్), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు), క్రియాటినిన్ (కిడ్నీలు), ఎస్‌జీపీటీ (కాలేయం). థైరాయిడ్ మందగిస్తే ఎల్‌డీఎల్ దానంతటదే పెరుగుతుంది. అది సరిచేయకుండా మాత్ర మొదలుపెడితే కండరాల నొప్పులు వచ్చే అవకాశం కూడా పెరుగుతుంది. ఎల్‌డీఎల్ లాంటిదే ఇంకో రకం, లైపోప్రొటీన్ (ఎ), దాని పరీక్ష జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలు, అది పుట్టుకతో వచ్చేది. ప్యాకేజీలోని మిగతా డెబ్బయ్యీ లేకపోయినా ఈ పనికి లోటు లేదు.

స్టాటిన్ మాత్ర: 55 నుంచి 65 పాయింట్లు

రోసువాస్టాటిన్ 5 మిల్లీగ్రాములు గానీ అటోర్వాస్టాటిన్ 10 మిల్లీగ్రాములు గానీ రోజూ వేసుకుంటే 160 దాదాపు 100కి దిగుతుంది. ఈ సమీక్షలో ఉన్న మిగతా వస్తువులన్నీ కలిపినా ఇంత తగ్గించడం కష్టం.

మోతాదు పెంచేటప్పుడు ఒక సంగతి గుర్తుండాలి. మోతాదు రెట్టింపు చేస్తే ఫలితం రెట్టింపు కాదు, మొదటి అంకె మీద మరో 6 శాతం మాత్రమే తగ్గుతుంది. అంటే 10 నుంచి 20కి పెంచితే మరో పది పాయింట్లు, 20 నుంచి 40కి ఇంకో పది. అదే చిన్న మోతాదు స్టాటిన్‌కు ఎజెటిమైబ్ (పేగుల్లో కొలెస్ట్రాల్ ఒంటికి పట్టకుండా అడ్డుకునే మందు) 10 మిల్లీగ్రాములు జోడిస్తే మిగిలినదాంట్లో ఇంచుమించు ఐదోవంతు పోతుంది, అంటే 100 కాస్తా 80. పెద్ద మోతాదు పడనివాళ్లకు డాక్టర్లు ఈ జోడీ రాసేది ఇందుకే. వీటిని చీటీ లేకుండా కొనకూడదు, పక్కింటాయన స్ట్రిప్ చూసి మొదలుపెట్టకూడదు. కాలేయ జబ్బు ఉన్నా, కిడ్నీలు బాగా దెబ్బతిన్నా మోతాదు మారిపోతుంది.

ఎక్కడ కొనాలన్నదే అసలు సమీక్ష. జన ఔషధి కేంద్రాల్లో అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ రెండూ జనరిక్ పేరుతోనే దొరుకుతాయి. బ్రాండ్ల కన్నా 50 నుంచి 80 శాతం చవక అని ప్రభుత్వం చెప్పే లెక్క ఈ మాత్రల విషయంలో అతిశయోక్తి కాదు. డబ్ల్యూహెచ్‌ఓ జీఎంపీ (మందుల తయారీ ప్రమాణాల) ధ్రువీకరణ ఉన్న కంపెనీల దగ్గరే సరుకు కొంటారు, ప్రతి బ్యాచ్‌నూ ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబులో పరీక్షించాకే కేంద్రాలకు పంపుతారు. ‘చవక మందు పనిచేయదు’ అన్న అనుమానం ఉంటే తీర్చుకోవడం తేలిక. మార్చిన ఎనిమిది వారాలకు లిపిడ్ ప్రొఫైల్ (పైన చెప్పిన కొలెస్ట్రాల్ పరీక్ష) చేయించండి. పనిచేస్తోందో లేదో అంకెలో కనిపించే మందులు కొన్నే, ఇది వాటిలో ఒకటి.

తిప్పలన్నీ మార్చేటప్పుడే వస్తాయి. మొదటిది సరఫరా. అడిగిన మోతాదు ఒక్కోసారి కేంద్రంలో ఉండదు. ఈ మాత్ర రోజూ వేసుకునేది, జీవితాంతం కూడా కావచ్చు కాబట్టి ఆఖరి స్ట్రిప్ తెరిచిన రోజే తర్వాతిది కొనాలి. రెండోది కలిపి చేసిన మాత్రలు. ఇన్నాళ్లూ వాడుతున్న బ్రాండ్‌లో స్టాటిన్‌తోపాటు ఆస్పిరినో, క్లోపిడోగ్రెలో, ఫెనోఫైబ్రేటో కలిసి ఉండవచ్చు. పేరు చివర ఒక అక్షరమో ‘గోల్డ్’ అన్న మాటో ఉంటే అనుమానించండి. స్ట్రిప్ వెనక సన్నటి అక్షరాల్లో ఏ మందు ఎన్ని మిల్లీగ్రాములో ఉంటుంది. భూతద్దం పెట్టయినా అది చదవకుండా ఉత్త రోసువాస్టాటిన్ తెచ్చుకుంటే, స్టెంట్ వేయించుకున్న మనిషికి రక్తం గడ్డకట్టకుండా చూసే మందు ఆగిపోతుంది. మూడోది దీనికి పూర్తిగా ఎదురు. పాత బ్రాండ్ డబ్బాలో అలాగే ఉంటుంది, కొత్త జనరిక్ వస్తుంది, పేర్లు వేరు కాబట్టి పెద్దవాళ్లు రెండూ వేసుకుంటారు. ఒకే మందు రెండు మోతాదులన్నమాట. కొత్తది తెచ్చిన రోజే పాత స్ట్రిప్ డబ్బాలోంచి తీసేయాలి.

‘రాత్రే వేసుకోవాలి’ అన్నది పాత సిమ్వాస్టాటిన్ నాటి నియమం. అది ఒంట్లో తక్కువసేపు ఉంటుంది. అటోర్వా, రోసువా పొద్దున వేసుకున్నా ఒకటే, మరిచిపోని వేళ ఏదైతే అదే మంచి వేళ. కడుపులో మంటకు తెల్లటి సిరప్ తాగే అలవాటుంటే రోసువాస్టాటిన్ వేసుకున్న రెండు గంటల తర్వాతే తాగండి, లేకపోతే మందు ఒంటికి పట్టేది తగ్గిపోతుంది. అటోర్వా, సిమ్వా వాడేవాళ్లు గ్రేప్‌ఫ్రూట్ మానాలి. మన పంపర పనసలో కూడా ఆ జాతి పదార్థాలే ఉంటాయి, కాబట్టి రోజూ కాయకు కాయ తినేయవద్దు. బత్తాయితో ఈ గొడవ లేదు. నిక్షేపంగా తినవచ్చు. దగ్గుకో, ఇన్ఫెక్షన్‌కో క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాస్తే మాత్రం స్టాటిన్ వాడుతున్న సంగతి ఆ డాక్టరుకు చెప్పి తీరాలి. రెండూ కలిస్తే అటోర్వా, సిమ్వా లాంటివి రక్తంలో పేరుకుని కండరాలు దెబ్బతినవచ్చు.

ఇక నొప్పులు. మాత్ర మానేసేవాళ్లలో ఎక్కువమంది చెప్పే కారణం ఇదే. 2020లో వచ్చిన శామ్సన్ అనే ప్రయోగంలో, నొప్పుల వల్ల స్టాటిన్ మానేసినవాళ్లకే కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు మందు లేని ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏదీ లేకుండా ఇచ్చి చూశారు. స్టాటిన్ నెలల్లో పడ్డ బాధలో 90 శాతం ఉత్తుత్తి మాత్ర నెలల్లోనూ పడ్డారు. నొప్పి అబద్ధమని దీనర్థం కాదు. దానికి కారణం చాలాసార్లు మాత్ర కాదు, అరిగిన మోకాలో, డి విటమిన్ లోపమో, థైరాయిడో. అసలైన స్టాటిన్ నొప్పి సాధారణంగా రెండు తొడల్లోనూ, లేదా రెండు భుజాల్లోనూ సమానంగా, మాత్ర మొదలైన కొద్ది వారాల్లో వస్తుంది. అప్పుడు కండరాలు దెబ్బతిన్నాయేమో చూసే సీకే అనే రక్తపరీక్ష చేయించి, డాక్టరుతో మాట్లాడి మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో చేయాలి. నొప్పితోపాటు మూత్రం డికాషన్ రంగులోకి మారితే ఆలోచించకుండా మాత్ర ఆపి అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. అది చాలా అరుదు.

ఇసబ్‌గోల్: 10 నుంచి 12 పాయింట్లు

అంగడిలో దొరికేవాటిలో మాత్ర తర్వాత డబ్బుకు తగ్గ ఫలితం ఇచ్చేది ఇదే. అయితే చాలామంది దీన్ని మలబద్ధకం మందుగానే వాడతారు, కొలెస్ట్రాల్ మందుగా వాడరు. రాత్రి పడుకునేముందు గోరువెచ్చటి పాలల్లో ఒక చెంచా వేసుకుంటే పొద్దున సుఖంగా విరేచనం అవుతుంది, ఎల్‌డీఎల్ మీద మాత్రం ఆ ప్రభావం నామమాత్రం. ఇసబ్‌గోల్ జిగురు పేగుల్లో పిత్తరసాన్ని పట్టుకుని బయటికి పంపేస్తుంది. పోయిన పిత్తాన్ని మళ్లీ తయారుచేయడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను లాక్కుంటుంది. పిత్తరసం పేగుల్లోకి దిగేది తిన్నప్పుడు. కాబట్టి భోజనంతోపాటే ఇది లోపల ఉండాలి.

మోతాదు రోజుకు సుమారు 10 గ్రాముల పొట్టు, అంటే రెండు నిండు టేబుల్ స్పూన్లు. మధ్యాహ్నం భోజనానికి ముందు ఒకటి, రాత్రి భోజనానికి ముందు ఒకటి. పెద్ద గ్లాసు నీళ్లలో వేసి, కలిపి, వెంటనే తాగేయాలి. అర నిమిషం ఆలస్యమైతే చిక్కబడటం మొదలవుతుంది, రెండు నిమిషాలైతే గ్లాసు వంచినా రాదు, చెంచాతో తినాల్సిందే. వెనకే ఇంకో గ్లాసు నీళ్లు తాగాలి. నీళ్లు తగ్గితే ఇదే మలబద్ధకం తెస్తుంది. మొదటి వారం రోజుకు ఒక చిన్న చెంచాతో మొదలుపెట్టి పెంచుకోండి. ఒక్కసారిగా పది గ్రాములు వేసుకుంటే కడుపుబ్బరం పట్టుకుంటుంది, నాలుగోరోజుకు డబ్బా అటకెక్కుతుంది.

పొడి పొట్టును నోట్లో వేసుకుని నీళ్లు తాగే అలవాటు పెద్దవయసులో ప్రమాదం. గొంతులోనే ఉబ్బి అడ్డుపడుతుంది. పక్షవాతం వల్ల మింగడం కష్టమైనవాళ్లకు, పేగుల్లో అడ్డంకి ఉన్నవాళ్లకు ఇది వద్దు. గుండె నీరసించో, కిడ్నీలు పాడయ్యో నీళ్లు కొలిచి తాగేవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. మిగతా మందులకూ దీనికీ మధ్య రెండు గంటలు ఎడం, థైరాయిడ్ మాత్రకైతే నాలుగు గంటలు.

కొనేటప్పుడు పొట్టు, అంటే హస్క్ అడగండి. గింజలు వేరు. కమలాపండు రుచి, నిమ్మ రుచి అంటూ వచ్చే పొడుల్లో చాలావాటిలో పంచదార ఉంటుంది. షుగరున్నవాళ్లు వెనక చదవకుండా తీసుకోవద్దు. ఈ సరుకు ఎక్కువగా గుజరాత్, రాజస్థాన్‌ల నుంచి వస్తుంది, శుద్ధిని బట్టి 85, 95, 98 శాతం అని గ్రేడ్లుంటాయి. ఇంట్లో చూడాలంటే చిటికెడు పొట్టు గాజు గ్లాసు నీళ్లలో వేసి అడుగుకు చూడండి. మంచి పొట్టు తెల్లగా ఉబ్బి మేఘంలా పరుచుకుంటుంది, నాసిరకంలో ఎర్రటి నలుసులు, ఇసుక అడుగున తేలిగ్గా కనిపిస్తాయి.

ఓట్స్: 8 పాయింట్లు, అదీ సరిపడా తింటేనే

ఓట్స్‌లో పనిచేసేది బీటా గ్లూకాన్ అనే జిగురు పీచు. రోజుకు 3 గ్రాములు కావాలి. అది ఓట్స్‌లో 4 శాతం దగ్గర ఉంటుంది, అంటే రోజుకు 75 గ్రాముల పొడి ఓట్స్. టిఫిన్‌కి ఒక కప్పు అని తినే 35, 40 గ్రాముల్లో సగమే అందుతుంది. పైగా ఇడ్లీ తిన్నాక ఓట్స్ కూడా తింటే అది మార్పు కాదు, అదనం. మసాలా ఓట్స్ ప్యాకెట్లు ఈ పనికి దండగ. పరిమాణం చిన్నది, ఉప్పు ఎక్కువ, బీపీ ఉన్నవాళ్లకు కొత్త తంటా. ఏ రుచీ కలపని రోల్డ్ ఓట్స్ కొని ఉప్మాలా చేసుకోండి, లేదా మజ్జిగలో నానబెట్టి తాలింపు పెట్టుకోండి.

కిరాణా కొట్లో ఓట్స్ కన్నా చవగ్గా దొరికే బార్లీలో కూడా ఇదే బీటా గ్లూకాన్ ఉంది. మనవాళ్లు బార్లీ నీళ్లు వడగట్టి తాగి గింజ పారేస్తారు, పీచులో ఎక్కువ భాగం ఆ గింజతోనే పోతుంది. ఉడికిన గింజను మజ్జిగలోనో పప్పులోనో కలుపుకుని తినాలి. కొర్రలు, అరికెలు షుగరుకు మంచివే, అయితే ఈ జిగురు పీచు వాటిలో దాదాపు లేదు కాబట్టి ‘సిరిధాన్యం ఏదైనా ఒకటే’ అనుకోవద్దు. రోజూ ఒక పెద్ద గిన్నెడు ఉడికిన శనగలో, బొబ్బర్లో, పప్పో తింటే కూడా ఎల్‌డీఎల్ 5 శాతం దాకా తగ్గుతుంది, అంటే ఓట్స్‌తో సమానం. దీనికి ప్రకటనలు రావు, అంతే తేడా.

నూనెలు: రకం మారిస్తే 5, కొలత మారిస్తే ఇంకా

‘కొలెస్ట్రాల్ లేదు’ అని పెద్ద అక్షరాల్లో రాసిన నూనె ప్యాకెట్‌ను చూసి ఇంకో పది రూపాయలు ఎక్కువ ఇవ్వకండి. కొలెస్ట్రాల్ జంతువుల నుంచి వచ్చేవాటిలోనే ఉంటుంది. మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ, చివరికి పామాయిల్‌లో కూడా, చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు. చూడాల్సింది ఎల్‌డీఎల్‌ను పెంచే సాచురేటెడ్ కొవ్వు ఎంత అని. వంద గ్రాముల్లో పామోలిన్‌లో 40కి పైనే, కొబ్బరి నూనెలో 90 దగ్గర, తవుడు నూనెలో 20 నుంచి 25, వేరుశనగ నూనెలో 20 లోపు, నువ్వుల నూనెలో 15, పొద్దుతిరుగుడులో 11. పామోలిన్ మానేసి వేరుశనగకు వస్తే కాగితం మీద ఐదారు పాయింట్లు తగ్గాలి. వేరుశనగ వాడే ఇల్లు తవుడు నూనెకు మారితే అందులోని ఓరిజనాల్ లాంటి పదార్థాల వల్ల కొన్ని పాయింట్లు కలిసొస్తాయి గానీ, సాచురేటెడ్ లెక్కలో లాభమేమీ లేదు. తవుడు నూనె మీద జరిగిన ప్రయోగాలన్నీ కలిపి చూసినా తగ్గింది 7 పాయింట్ల దగ్గరే. మంచి నూనే, మందు మాత్రం కాదు. బ్లెండ్ అని వచ్చే నూనెల మీద ఏది ఎంత శాతమో రాసి తీరాలి. వెనక్కి తిప్పి చూడండి, ముందు రాసిన ఖరీదైన నూనె 20 శాతమే ఉండవచ్చు.

గానుగ నూనె గురించి నిక్కచ్చిగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు ఊరూరా ఎద్దు గానుగలే, ధర రెట్టింపు. చెక్క గానుగలో ఆడించినంత మాత్రాన వేరుశనగలోని కొవ్వుల పాళ్లు మారవు, ఎల్‌డీఎల్ మీద ప్రభావమూ మారదు. రుచి, వాసన బాగుంటాయి, ఇ విటమిన్ కొంచెం ఎక్కువ మిగులుతుంది. ఆ రుచి కోసం కొనుక్కుంటే కొనుక్కోండి, కొలెస్ట్రాల్ పేరు చెప్పి కొనకండి. ఒక జాగ్రత్త: బూజుపట్టిన పల్లీల నుంచి వచ్చే అఫ్లాటాక్సిన్ అనే విషం రిఫైన్ చేస్తే పోతుంది, గానుగలో పోదు. కళ్లెదుట ఆడించేచోట పల్లీల బస్తా విప్పి చూపించమనండి. ముడుచుకుపోయినవి, నల్లబడ్డవి కనిపిస్తే అక్కడ కొనవద్దు.

నూనె ఏదైనా ఎంత వాడుతున్నారన్నదే పెద్ద సంగతి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన నమూనా పళ్లెంలో 2000 కేలరీల మనిషికి రోజంతటికీ నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు. అరవై దాటిన మనిషికి కేలరీలే అన్ని అక్కర్లేదు, కాబట్టి 22, 23 గ్రాములు అనుకుందాం. ఇద్దరికి నెలకు 1,365 గ్రాములు, లీటరు నూనె 910 గ్రాములు కాబట్టి సరిగ్గా లీటరున్నర. ఇద్దరే ఉన్న ఇంట్లో నెలకు మూడు లీటర్లు అయిపోతుంటే ఏ నూనె మంచిదన్న చర్చకు అర్థం లేదు. లీటరు ప్యాకెట్ అనుకుని కొన్నది 850 గ్రాములో 750 గ్రాములో కావచ్చు, నికర బరువు చూడండి. ఆవకాయ జాడీలో తేలే నూనె కూడా ఈ లెక్కలోదే, చాలా ఇళ్లల్లో అది ఎవరూ రాసుకోని పద్దు.

ఇంట్లో ‘పామోలిన్ వాడం’ అని చెప్పేవాళ్లు కూడా దాన్ని మిక్స్చర్, చేగోడీలు, బిస్కట్లు, రస్కుల రూపంలో తింటూనే ఉంటారు. ప్యాకెట్ వెనక పదార్థాల వరసలో పామ్ అన్న మాట కోసం వెతకండి, చాలా ప్యాకెట్లలో దొరుకుతుంది.

పాల ప్యాకెట్: 6 నుంచి 10 పాయింట్లు, ఖర్చు లేకుండా

ఇది ఎవరూ కొలెస్ట్రాల్ కోసం కొనే వస్తువు కాదు, అయినా ఈ సమీక్షలో చోటు దక్కడానికి కారణం లెక్కే. ఫుల్ క్రీమ్ పాలలో 6 శాతం కొవ్వు, టోన్డ్‌లో 3, డబుల్ టోన్డ్‌లో 1.5. కాఫీ, పెరుగు, మజ్జిగ అన్నీ కలిపి మనిషికి రోజుకు అర లీటరు పడుతుందంటే, ఫుల్ క్రీమ్‌లో 30 గ్రాముల కొవ్వు, అందులో సాచురేటెడ్ 19 గ్రాములు. ఎల్‌డీఎల్ ఎక్కువున్న మనిషికి రోజంతటికీ ఉండాల్సింది 13 నుంచి 15 గ్రాములు. అంటే పాలతోనే కోటా దాటిపోయింది, ఇంకా కూర పొయ్యెక్కలేదు. టోన్డ్‌కు మారితే తొమ్మిదిన్నర గ్రాములు మిగులుతాయి. పామోలిన్ నుంచి వేరుశనగకు మారితే మిగిలేదాని కన్నా ఇది ఎక్కువ. కాల్షియం, మాంసకృత్తులు ఎక్కడికీ పోవు. ప్యాకెట్ రంగులు కంపెనీకో రకంగా ఉంటాయి, శాతం చదివి తీసుకోండి.

రుచి దగ్గర గొడవ వస్తుంది, నిజమే. టోన్డ్ పాల పెరుగు గేదెపాల గడ్డపెరుగులా కత్తితో కోసినట్టు రాదు. కాచేటప్పుడు సన్న సెగన కాస్త ఎక్కువసేపు మరగనిచ్చి, గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడేస్తే నీరు తక్కువ తేలుతుంది. ఇలా మిగిల్చిన కోటాలోంచి పప్పన్నంలో ఒక చిన్న చెంచా నెయ్యి వేసుకోవచ్చు, అందులో సాచురేటెడ్ 3 గ్రాములు. నెయ్యి మానేసి మీగడ పెరుగు తినేవాళ్లు చేస్తున్నది దీనికి ఎదురు.

క్యాప్సూళ్లు: సున్నా

మామూలుగా దొరికే 1000 మిల్లీగ్రాముల ఫిష్ ఆయిల్ క్యాప్సూల్‌లో పనిచేసే ఒమేగా 3 కొవ్వులు ఇపీఏ, డీహెచ్‌ఏ రెండూ కలిపి 300 మిల్లీగ్రాములే. ఇది తగ్గించేది ట్రైగ్లిజరైడ్లను, ఎల్‌డీఎల్‌ను కాదు. ట్రైగ్లిజరైడ్లు తగ్గాలన్నా రోజుకు 2 నుంచి 4 గ్రాములు కావాలి, అంటే ఏడు నుంచి పదమూడు క్యాప్సూళ్లు. రోజుకొకటి మింగితే చేపవాసన త్రేన్పులు తప్ప ఏమీ రావు. వారానికి రెండుసార్లు చేపల పులుసు తినండి, వేపుడు కాదు.

వెల్లుల్లి, దాల్చినచెక్క, పసుపు క్యాప్సూళ్ల సంగతి 2022లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్లు తేల్చారు. సుమారు రెండువందల మందికి 28 రోజులు కొందరికి రోసువాస్టాటిన్ 5 మిల్లీగ్రాములు, కొందరికి ఉత్తుత్తి మాత్ర, మిగతావాళ్లకు ఫిష్ ఆయిల్, వెల్లుల్లి, దాల్చినచెక్క, పసుపు, మొక్కల స్టెరాల్స్, రెడ్ ఈస్ట్ రైస్‌లలో ఒక్కోటి ఇచ్చారు. స్టాటిన్‌తో ఎల్‌డీఎల్ 38 శాతం దాకా తగ్గింది. మిగతా ఆరింట్లో ఒక్కటీ ఉత్తుత్తి మాత్రను దాటలేదు, వెల్లుల్లి తీసుకున్నవాళ్లకు కాస్త పెరిగింది కూడా. రసంలో వెల్లుల్లి రుచి కోసం వేసుకోండి. రెడ్ ఈస్ట్ రైస్‌ను ‘సహజమైనది’ అని అమ్ముతారు గానీ అందులో ఉండేది లోవాస్టాటిన్ అనే స్టాటినే, ఎంతుందో మాత్రం డబ్బా డబ్బాకీ మారుతుంది. స్టాటిన్ వాడుతూ ఇది కలిపితే ఒకే మందు రెండు దారుల్లో వెళ్లినట్టే.

నడక బూట్లు కొనేవాళ్లకు ఒక మాట. వారానికి ఐదు రోజులు అరగంట చొప్పున నడిస్తే ట్రైగ్లిజరైడ్లు, షుగరు, బీపీ బాగుపడతాయి, ఎల్‌డీఎల్ నాలుగైదు పాయింట్లకు మించి కదలదు. ‘రోజూ నడుస్తున్నా తగ్గలేదు, ఇక ఎందుకు’ అని నడక మానేయకండి, దాని పని వేరు.

డెబ్బయ్యైదు దాటినవాళ్లకు

ఇంతవరకు గుండెపోటు, పక్షవాతం ఏదీ రాని 75 దాటిన మనిషికి కొత్తగా స్టాటిన్ మొదలుపెట్టాలా అన్నదానికి ఆధారాలు అరవైల్లో ఉన్నవాళ్లకు ఉన్నంత గట్టిగా లేవు. మిగతా జబ్బులు, మందుల సంఖ్య, మనిషి ఓపిక చూసి డాక్టరు నిర్ణయించాలి. అప్పటికే వాడుతున్నవాళ్లు వయసైందని తమంతట తాము ఆపేయడం వేరే విషయం. ఫ్రాన్స్‌లో 75 ఏళ్ల వయసున్న లక్షా ఇరవై వేలమంది రికార్డులు చూసి 2019లో ఒక అధ్యయనం వచ్చింది. ఆపేసినవాళ్లు గుండె, రక్తనాళాల జబ్బులతో ఆస్పత్రిలో చేరడం 33 శాతం ఎక్కువ కనిపించింది. ఈ వయసులో తిండి మరీ కట్టడి చేయకూడదు కూడా. గుడ్డు, చేప, పప్పు తగ్గించేస్తే కండ కరిగిపోతుంది, పడిపోతే లేవలేరు. మాత్ర మోతాదు మార్చకుండానే ఎల్‌డీఎల్ ఉన్నట్టుండి బాగా పడిపోయి బరువు కూడా తగ్గుతుంటే మందు బాగా పనిచేస్తోందని సంబరపడవద్దు. తిండి తగ్గిందా, థైరాయిడ్ ఎక్కువైందా, లోపల ఇంకేదైనా జబ్బు ఉందా అని అదే వారం చూపించుకోవాలి.